గోడ మీది ఖాళీ పటం

ఆ ప్రయోగశాలలో చేతులు కడుక్కునే సింకుకీ టీ కెటిల్‌కీ మధ్య ఒక బారెడు గోడ ఉంది. గోడకి మేకు, మేకుకి దారం, దారం చివర పెన్సిలు. పెన్సిలు ఎవరూ జేబులో వేసుకుపోకుండా అలా కట్టారని కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు. వారం తిరిగేసరికి తెలిసొస్తుంది, ఆ దారం కట్టింది మనుషులు తప్పించుకోకుండా అని.

అక్కడి పద్ధతి ఇది. ప్రొటీన్ లోపల ఫలానా అణువు కూర్చుని ఉందని ఎవరైనా చెప్పదలచుకుంటే, ముందు ఆ అణువుని లెక్కలోంచి తీసేసి, ఖాళీ పటం అచ్చు తీసి ఆ గోడకి అంటించాలి. ఒక రోజంతా ఉంచాలి. కప్పు కడుక్కోవడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ పటంలో తమకేం కనిపిస్తోందో పెన్సిలుతో రాయాలి. పేరు పెట్టక్కర్లేదు. 'నీళ్ళు' అని ఒకరు, 'ఉప్పు' అని ఒకరు, 'ఏమీ లేదు, ఇంటికెళ్ళి పడుకో' అని ఒకరు రాస్తారు. ఒకసారి ఎవరో 'మా అత్తగారి ముక్కు' అని రాస్తే, మూడు రోజులపాటు అందరూ ఆ పటం ముందు నిలబడి నిజమే సుమా అనుకున్నారు.

ఇంత తతంగం ఎందుకంటే, ప్రొటీన్‌ని కంటితో చూసినవాళ్ళు లేరు. దాన్ని స్ఫటికంగా పెంచి, ఎక్స్-కిరణాల ముందు పెట్టి, చెదిరిపడిన చుక్కలని కొలిచి, ఆ చుక్కల నుంచి లెక్కకట్టి పటం గీస్తారు. చిక్కేమిటంటే పటానికి కావలసిన సమాచారంలో సగమే కొలతల్లో దొరుకుతుంది. మిగతా సగం, గీసేవాళ్ళు అప్పటికే కట్టుకున్న నమూనా నుంచి తెచ్చుకోవాలి. అంచేత నమూనాలో ఒక అణువుని పెట్టి పటం గీస్తే, అది అక్కడ లేకపోయినా ఉన్నట్టే మసగ్గా కనిపిస్తుంది. ఆశపడ్డవాళ్ళకి ఇంకాస్త బాగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట ఆ ప్రయోగశాల అలాగే ఒకదాన్ని చూసి, అచ్చు వేసి, ఆనక తప్పయిందని నలుగురిలో ఒప్పుకోవలసి వచ్చింది. ఆ మర్నాడు పొద్దున్నే సుత్తి తెచ్చి గోడకి మేకు కొట్టింది పెద్దమ్మ.

పెద్దమ్మ అక్కడ స్ఫటికాలు పెంచుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. అందరికీ ఆవిడ పెద్దమ్మే. అయితే ఆ పిలుపు మీద అసలు హక్కు ఒక్కరికే ఉంది. ఆవిడ చెల్లెలి కూతురు ఆరేళ్ళ కిందట అక్కడే ఉద్యోగంలో చేరి, మొదటి రోజే నలుగురి ముందు అలవాటుకొద్దీ "పెద్దమ్మా" అని నోరు జారింది. అంతే, సాయంత్రానికి ప్రయోగశాల మొత్తానికి చుట్టరికం కలిసిపోయింది. ఆ చెల్లెలి కూతురు పని పటాలు గీయడం. పొద్దస్తమానం తెర మీద నీలం వలల్లాంటి ఆ పటాల్లో తల దూర్చి కూర్చుంటుంది కనక ఆమెని పటాలమ్మ అంటారు. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఫోన్ ఎత్తినా "పటాలమ్మని మాట్లాడుతున్నా" అనే అంటోంది.

పెద్దమ్మ హస్తవాసి గురించి ఆ చుట్టుపక్కల ప్రయోగశాలల్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఇరవైనాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెం, గుంట అంచుల చుట్టూ తెల్లటి జిడ్డుముద్ద, పైన గాజు బిళ్ళ, ఆ బిళ్ళకి తలకిందులుగా వేలాడే ప్రొటీన్ చుక్క. చూడబోతే ఇంతే. ఆ చుక్క కదలకుండా, కంగారుపడకుండా, మెల్లగా ఎండుతూ స్ఫటికం కట్టాలి. వంద చుక్కల్లో తొంభైతొమ్మిది విరిగిన పాలలా ముద్దకడతాయి. పెద్దమ్మ పళ్ళెంలో నూరోది మటుకు కచ్చితంగా మెరుస్తుంది. ఆవిడకి ఇంకో అలవాటు ఉంది. ఏ అణువునైనా ప్రొటీన్‌తో కలిపి పెంచేటప్పుడు, పక్క వరసలో ఆ అణువు లేకుండా అదే స్ఫటికాన్ని విడిగా పెంచుతుంది. దాన్ని జోడీ అంటుంది. జోడీ లేకుండా ఆవిడ పళ్ళెం ఎప్పుడూ బయటికి రాలేదు.

పటాలమ్మ ఆ ఏడాది పట్టుకున్న ప్రొటీన్ ఒక మొక్కది. పచ్చటి పూలు పూసే చిక్కుడుజాతి మొక్క. మొక్కకి పారిపోవడానికి కాళ్ళు లేవు. బూజు పట్టినా, పురుగు కొరికినా, దాహంతో ఎండినా నిలబడ్డ చోటే తేల్చుకోవాలి. అలాంటి ఆపదలో కణాలు హడావుడిగా తయారుచేసుకునే ప్రొటీన్లలో ఇదొకటి. దాని కట్టడం చూస్తే పటాలమ్మకి ఎన్నిసార్లైనా ముచ్చటేస్తుంది. ఏడు పోగులు పక్కపక్కన అల్లుకుని ఒక రేకుగా వంగాయి. ఆ రేకు సగం ముడిచిన అరచెయ్యిలా, పొడవాటి ఒక మెలిక చుట్టూ మూసుకుంది. మధ్యలో ఇంత బోలు. మామూలుగా ప్రొటీన్ల లోపల గాలి దూరే సందుండదు, అంతా కూరి కూరి ఉంటుంది. ఇది ఇంత చిన్నదై ఉండి ఇంత ఖాళీని కడుపులో పెట్టుకుని, కూలిపోకుండా నిలబడింది. ఎవరు కట్టారో గానీ శభాష్ అనిపిస్తుంది.

ఆ బోలులో ఉండేది హార్మోన్ అని అనుమానం. కణాలని చీలమనీ, చిగుళ్ళని ఎదగమనీ చెప్పే హార్మోన్. కాపలావాడి చేతిలో లాఠీ ఉంటుంది గానీ పసిబిడ్డ పాలసీసా ఎందుకు? ఆపదకాలంలో పుట్టే ప్రొటీన్‌కి ఎదుగుదల హార్మోన్‌తో ఏం పని? ఎందుకన్నది తర్వాత సంగతి. అసలు పట్టుకుంటుందా లేదా అన్నది ముందు కళ్ళారా చూడాలి.

పెద్దమ్మ ఆర్నెల్లు కుస్తీ పట్టింది. ఆ హార్మోన్ నీళ్ళలో కరగనని మొరాయిస్తుంది. కరిగిస్తే ప్రొటీన్ అలుగుతుంది. చివరికి, ప్రయోగశాలలో అందరూ జిగురు అని పిలుచుకునే ఒక చిక్కటి ద్రావణంలో రెండూ రాజీపడ్డాయి. ఆవగింజలో సగం ఉన్న స్ఫటికం ఒకటి వచ్చింది. జోడీ కూడా వచ్చింది. రెండింటినీ ఎక్స్-కిరణాల కేంద్రానికి పంపి కొలతలు తెప్పించారు.

ఆ సోమవారం పొద్దున పటాలమ్మ బోలులో హార్మోన్‌ని పెట్టి పటం గీసింది. తెర మీద నీలం వల ఆ అణువుని చక్కగా పొదువుకుంది. కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకి పక్కగదిలో ప్రొటీన్ శుద్ధి చేసే పొడుగాయన చేతిలో గొట్టంతో సహా పరిగెత్తుకొచ్చాడు. ప్రయోగశాల పెద్ద, అందరూ సారు అనే ఆయన, వచ్చి తెర ముందు వంగి నిలబడ్డాడు. ఒకప్పుడు ఆయన కూడా పెద్దమ్మ దగ్గర పళ్ళేలు పట్టుకోవడం నేర్చుకున్నవాడే. పెద్దమ్మ కూడా వచ్చి, కళ్ళద్దాల మీద మరో జత కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"ఎంత ముద్దుగా ఒదిగి కూచుందే!" అంది.

"పెద్దమ్మా, ఇది మీ స్ఫటికం. మీ జిగురు, మీ చుక్క, మీ ఆలోచన. ఈసారి వ్యాసం పైన మీ పేరు ఉంటుంది. మూడోది. మాటంటే మాటే" అన్నాడు సారు.

పెద్దమ్మ పెంచిన స్ఫటికాల మీద అప్పటికి నలభైకి పైగా వ్యాసాలు వచ్చాయి. రాసినవాళ్ళ వరసలో ఆవిడ పేరు ఒక్కదాంట్లోనూ లేదు. పెద్ద చదువు చదవలేదు కదా అని ఎవరో ఎప్పుడో ఒక ఆచారం పెట్టారు, దాన్ని అడిగినవాళ్ళు లేరు. చిట్టచివర, కృతజ్ఞతలు చెప్పే చోట, ఏసీ బాగుచేసినాయన పక్కన ఆవిడ పేరుండేది. ఇంకో నలభై రోజుల్లో ఆవిడ ఉద్యోగం అయిపోతుంది. ఇక ఇదే ఆఖరి అవకాశం.

పెద్దమ్మ కళ్ళద్దాల జతలు రెండూ తీసి, పైట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"గోడకెక్కించావా?"

పటాలమ్మ తల అడ్డంగా ఊపింది. సారు అందుకున్నాడు. "అవతలి జట్టువాళ్ళు కూడా దీని మీదే ఉన్నారు పెద్దమ్మా. మనం ఒక్క వారం కూడా ఆలస్యం చెయ్యకూడదు. రాయడం మొదలుపెడదాం, గోడ సంగతి ఈలోపు చూసుకుందాం."

పెద్దమ్మ స్ఫటికాలు పెంచే తన చల్లగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పటాలమ్మ ఖాళీ పటం తీసింది. హార్మోన్‌ని నమూనాలోంచి తొలగించి, లెక్కని మళ్ళీ మొదటినుంచి నడిపించి, ప్రింటరుకి పంపింది. ప్రింటరు వరండాలో, పెద్దమ్మ చల్లగది తలుపు పక్కన ఉంటుంది. ఇంతలో కూతురి బడి నుంచి ఫోన్ వచ్చింది. పిల్ల ఎవరిదో బూటు దాచేసిందట, ఇవ్వనంటోందట. ఆ పంచాయితీ తీర్చేసరికి పావుగంట పట్టింది. తీరా వెళ్ళేసరికి కాగితం ప్రింటరు పళ్ళెంలో బోర్లా పడి ఉంది. మూలన జిడ్డు మరక. ఈ ప్రింటరు కారడం మొదలుపెట్టిందన్నమాట అని విసుక్కుంటూ కాగితం తిప్పింది.

హార్మోన్ అంటే పలకలా చదునుగా ఉండే రెండు వలయాలు, దానికొక పొట్టి తోక. ఇక్కడ పలకా లేదు, వలయమూ లేదు. బోలు లోపల పొడవాటి వానపాములాంటిది మెలికలు తిరిగి పడుకుంది. నిన్న తెర మీద అంత ముద్దుగా కనిపించింది తను పెట్టిందే తప్ప స్ఫటికం చూపించింది కాదు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఇంకోసారి సరిచూస్తాను, లెక్క ఎక్కడైనా తప్పిందేమో అని తనకి తాను చెప్పుకుంది. లెక్క తప్పలేదని ఆమెకి తెలుసు.

ఆ రెండు రోజులూ పటాలమ్మ ఆ కాగితం బయటికి తియ్యలేదు. ఇంట్లో చూస్తే వాళ్ళమ్మ కాలు నేల మీద నిలవడం లేదు. అక్క పేరు అచ్చులో వస్తుందని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేసింది. వచ్చిన పేజీకి అద్దం కట్టించాలని ముందుగదిలో గడియారం తీసి చోటు కూడా చేసింది. బుధవారం సాయంత్రం పెద్దమ్మ వాళ్ళింటికి భోజనానికి వచ్చింది.

"అక్కా, పేరు పూర్తిగా వేస్తారా, పొట్టక్షరాలతో సరిపెడతారా?" అని అడిగింది అమ్మ.

"ముందు వెయ్యనీ."

"పూర్తిగా వెయ్యమని గట్టిగా చెప్పు. నీకు నోరు లేదు, అదే నీ తంటా."

పెద్దమ్మ నవ్వింది గానీ ఆ నవ్వులో ఊపు లేదు. మామూలుగా అయితే ఆవిడ తన పిల్లి గురించి గంటసేపు చెప్పాలి. ఇంట్లో అందరిమీదా పెత్తనం చేస్తుందని ఆ పిల్లిని మేనేజరు అంటుంది. ఆ రోజు మేనేజరు ఊసే లేదు. పటాలమ్మ సంచి కుర్చీలో ఉంటే తీసి పక్కన పెడుతూ, "ఇందులో ఏం మోస్తున్నావే తల్లీ, ఇంత బరువుంది?" అని మటుకు అడిగింది. పుస్తకాలంది పటాలమ్మ. పెద్దమ్మ ఊఁ అని తినడం మొదలుపెట్టింది.

పటాలమ్మ తల వంచుకుని ఆవిడ చేతులు చూసింది. బొటనవేళ్ళ గోళ్ళ సందుల్లో తెల్లటి జిడ్డు. ముప్ఫై ఏళ్ళ జిడ్డు, ఎంత కడిగినా పోదు. ఈ చేతులు పెంచిన స్ఫటికాల మీద తను కూడా మూడు వ్యాసాలు రాసి, మూడుసార్లూ ఈవిడని ఏసీ బాగుచేసినాయన పక్కనే కూర్చోబెట్టింది. ఆ వానపాముని హార్మోన్ అని రాసేస్తే ఏమవుతుంది? చూసేవాళ్ళెవరు? అవతలి జట్టువాళ్ళు తప్పు పట్టేసరికి ఏడాది పడుతుంది. అప్పటికి పెద్దమ్మ పేరు అద్దంలో ఉంటుంది. అలా అనుకుని పటాలమ్మ తనని చూసి తనే హడలిపోయింది. ఇంకొకరు తప్పు పట్టాక ఆ అద్దాన్ని గోడ మీదినుంచి దించవలసింది అమ్మే కదా.

గురువారం పొద్దున అందరికంటే ముందు వచ్చి, మడతలు సాపుచేసి, ఖాళీ పటాన్ని గోడకి అంటించింది.

పదింటికల్లా రాతలు మొదలయ్యాయి. 'హార్మోన్ (అయితే బాగుండు)' అని పొడుగాయన దస్తూరి. 'పాము' అని ఎవరో. 'తాడు' అని ఎవరో. 'జిగురేమో?' అని చిన్న అక్షరాలతో ఇంకెవరో. సారు కప్పు పట్టుకుని వచ్చి, చాలాసేపు నిలబడి, ఏమీ రాయకుండా, కప్పు కడగడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ ఆఖరున వచ్చింది. పటం వంక ఒక్క క్షణం చూసింది.

"జోడీ సంగతి చూశావా?"

జోడీ కొలతలు మూడు వారాలుగా కంప్యూటరులో మూలుగుతున్నాయి. హార్మోన్ లేని స్ఫటికంతో పనేముందని పటాలమ్మ వాటి మొహం కూడా చూడలేదు. ఇప్పుడు కూర్చుని సాయంత్రానికి ఆ పటం కూడా గీసింది. దాంట్లో హార్మోన్ వెయ్యనే లేదు. అయినా బోలులో అదే వానపాము, అదే మెలిక, అదే వంపు. రెండో కాగితాన్ని మొదటిదాని పక్కన అంటించింది. అందరూ చుట్టూ మూగారు. ఇక అనుమానం లేదు. లోపల కూర్చున్నది హార్మోన్ కాదు, స్ఫటికం కట్టించడానికి పోసిన జిగురు. బోలు ఖాళీగా ఉందని అది ముందే దూరి చోటు పట్టేసింది.

పెద్దమ్మ దారం లాగి పెన్సిలు అందుకుంది. రెండు పటాల మీదా తన గుండ్రటి అక్షరాలతో రాసింది: 'నా జిగురు.'

"పెద్దమ్మా..." అన్నాడు సారు. "మరి మీ పేరు..."

"నా సంగతి వదిలెయ్ బాబూ. ప్రొటీన్ ఎంతుంది?"

"ఒక్క గొట్టం. అడుగున" అన్నాడు పొడుగాయన.

"చాలు. నాకింకా ముప్ఫైఏడు రోజులున్నాయి."

ఆ ముప్ఫైఏడు రోజుల్లో పటాలమ్మ చూసిన పనితనం ఆమె జన్మలో మరిచిపోదు. పెద్దమ్మ జిగురుకి పూర్తిగా స్వస్తి చెప్పింది. దాని బదులు ఉప్పు ద్రావణం తీసుకుంది. ఉప్పులో ఆ ప్రొటీన్ స్ఫటికం కట్టదని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. మొదటి రెండు పళ్ళేల్లో కట్టలేదు కూడా. మూడో పళ్ళెం రోజున ఆవిడ ఇంటినుంచి ఒక అగ్గిపెట్టె తెచ్చింది. లోపల దూది మీద మేనేజరు మీసాలు. పెరికినవి కావు. సోఫా కింద ఊడిపడినవి ఏరి దాచినవి. స్ఫటికాల పనిలో పిల్లి మీసాన్ని మించిన పనిముట్టు లేదు. సన్నగా, నున్నగా, చివరికి పోనుపోనూ కంటికి కనపడనంతగా ఉంటుంది.

పాత స్ఫటికం ఒకదాన్ని ఉప్పునీళ్ళలో మూడుసార్లు కడిగింది, జిగురు ఆనవాలు లేకుండా. దాన్ని సూదిమొనతో నలిపింది. కొత్త స్ఫటికానికి విత్తనం ఆ పొడే. మీసం కొసని అందులో ముంచి, ఊపిరి బిగబట్టి, హార్మోన్ కలిపిన కొత్త చుక్క మీద ఒక గీత గీసింది. పక్క వరసలో జోడీకి మరో మీసంతో మరో గీత. ఆ వయసులో ఆవిడ చూపు మందగించింది, రెండు జతల అద్దాలూ చాలవు. చెయ్యి మాత్రం దూలంలా నిలబడింది. వెనక నిలబడ్డ పటాలమ్మ తన ఊపిరి ఎక్కడ తగులుతుందోనని మొహం పక్కకి తిప్పుకుంది.

"అలా బిగుసుకుపోతావేం? నీ ఊపిరికి కరిగిపోయేదైతే అది నిలబడి ఏం లాభం?" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే.

తొమ్మిది రోజుల పాటు గీత గీతలాగే ఉంది. పదో రోజు దాని వెంట ఇసుక రేణువుల్లాంటివి మొలిచాయి. పదిహేనో రోజుకి వాటిలో ఒకటి పక్కవాటిని మింగి ఎదిగింది, అంచులు కోసినట్టు. సూక్ష్మదర్శిని కింద దాన్ని చూసి పొడుగాయన ముక్కు మీద వేలేసుకున్నాడు.

కొలతలు వచ్చేసరికి పెద్దమ్మకి ఇంకా నాలుగు రోజులే మిగిలాయి. ఈసారి పటాలమ్మ హార్మోన్‌ని నమూనాలో పెట్టి చూడాలన్న ఆలోచనే దగ్గరికి రానివ్వలేదు. ముందు ఖాళీ పటం, దాని పక్కనే జోడీ పటం, రెండూ తీసి నేరుగా గోడకి అంటించింది. జోడీలో బోలు నిజంగా బోలుగానే ఉంది, అక్కడక్కడ నీటిబొట్లు తప్ప. రెండోదాంట్లో నిండుగా ఏదో ఉంది. పలకలు ఉన్నాయి. తోకలు ఉన్నాయి. కాని ఒక హార్మోన్‌కి మించి ఉన్నాయి. పటాలమ్మకి మతి పోయింది.

'హార్మోన్' అని రాశారు. 'హార్మోన్ + చెత్త' అని రాశారు. సారు 'రెండు?' అని రాసి తల గోక్కున్నాడు. పెద్దమ్మ వచ్చింది. నిటారుగా చూసింది, తల వాల్చి చూసింది, ఇంకో జత అద్దాలు పెట్టి చూసింది. తర్వాత పెన్సిలు తీసుకుని పలక కనిపించిన చోటల్లా ఒక చిన్న గుండ్రం చుట్టి, ఒక తోక గీసింది. ఒకటి లోపల అట్టడుగున. ఒకటి దాని మీద వాలి. ఒకటి గుమ్మంలో, వీధిలోకి చూస్తున్నట్టు.

"మూడు" అంది.

పటాలమ్మ పరిగెత్తి మూడు పెట్టి చూసింది. మూడూ సరిపోయాయి. ప్రొటీన్ అంత చిన్న కడుపులో మూడు హార్మోన్లని, ఒకదాన్ని ఒకటి ఆనుకునేట్టు, దేన్ని పట్టుకోవలసిన చోట దాన్ని పట్టుకుని దాచుకుంది. ఆపదలో ఉన్న మొక్క, రేపు ఎదగడానికి కావలసింది ఈ రోజే మూటగట్టుకుంటోందా? అది ఇంకా ఎవరూ తేల్చని మాట. కాని ఆ అమరిక చూస్తుంటే పటాలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక్కటే ఉంటుందని పట్టుబట్టి దూర్చబోయిన చోట మూడు ఉన్నాయి.

వ్యాసం రాసినవాళ్ళ వరసని సారు తిరగరాశాడు. పెద్దమ్మ పేరు మూడోది కాదు, రెండోది. పూర్తి పేరు, పొట్టక్షరాలు లేవు. ఆ సాయంత్రమే పటాలమ్మ వాళ్ళమ్మ అద్దం కట్టేవాడికి కొలతలిచ్చి వచ్చింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం పెద్దమ్మ చల్లగది సర్దుతుంటే పటాలమ్మ గోడ మీది పాత కాగితాలు ఊడదీసింది. 'నా జిగురు' అని ఉన్న మొదటి పటం దగ్గర చెయ్యి ఆగింది. దీన్ని రెండు రోజులు సంచిలో దాచిన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేదు. కాగితం పట్టుకుని చల్లగదిలోకి వెళ్ళింది.

"పెద్దమ్మా, నీకొకటి చెప్పాలి. ఈ పటం నేను గురువారం తియ్యలేదు. మంగళవారమే..."

"తెలుసు."

పెద్దమ్మ చివరి పళ్ళేనికి జిడ్డు పూస్తోంది. కొత్తగా చేరబోయేవాళ్ళ కోసం ఒకటి సిద్ధం చేసి పెట్టి వెళదామని. పూస్తూనే బొటనవేలు ఎత్తి చూపించింది. పటాలమ్మ చేతిలో కాగితం వంక చూసుకుంది. మూలన ఉన్న మరక ప్రింటరు కార్చింది కాదు. గుండ్రటి గీతలతో, నిండు బొటనవేలి ముద్ర.

"ప్రింటరు నా గుమ్మం ముందే కదే. నువ్వు ఫోన్లో ఉన్నావు. కాగితం కింద పడబోతే పట్టుకున్నా. చూడగానే తెలిసింది, అది నా జిగురని. ఎన్నేళ్ళుగా పోస్తున్నానో, దాని వాలకం నాకు తెలీదా?"

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా! బుధవారం మా ఇంటికొచ్చి, నా పక్కనే కూచుని తిన్నావు. ఒక్క ముక్క అనలేదు. నీ పేరు పోతోందని తెలిసీ..."

"నా పేరు ముప్ఫై ఏళ్ళు లేదు, ఇంకో ముప్ఫై ఏళ్ళు లేకపోయినా బతికేదాన్ని" అంది పెద్దమ్మ. పళ్ళెం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అగ్గిపెట్టె తీసి పటాలమ్మ అరచేతిలో పెట్టింది. మీసాలున్న అగ్గిపెట్టె. "రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదే తల్లీ. నువ్వు దాన్ని గోడకెక్కిస్తావో లేదోనని."